సున్నపు తేట మీద పొర

నా చిన్నతనంలో ఒక ఎండాకాలం మొదట్లో మా అమ్మ మాటలు మానేసింది. అలిగి కాదు, గొంతుకు జబ్బు చేసీ కాదు. రెండో కాన్పుకని నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. పుట్టిన తమ్ముడు కళ్లు తెరవకుండానే పోయాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అమ్మ నోట మాట లేదు. అన్నం పెడితే తినేది. నా తల దువ్వేది. పిలిస్తే తిరిగి చూసేది. మాట మాత్రం వచ్చేది కాదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మనిషిలోంచి మాట వెళ్లిపోతే మళ్లీ వస్తుందా, వస్తే ఏ దారిన వస్తుంది అన్నదే ఆ ఎండాకాలమంతా నా బెంగ.

ఇన్నేళ్ల తర్వాత ఆ బెంగ మళ్లీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా బాబుకు రెండున్నరేళ్లు దాటాయి, ఇంకా మాట రాలేదు. వాడు ఇప్పుడు నా పక్కనే గోడ వైపు తిరిగి, చిన్న అరచెయ్యి గోడకు ఆనించి నిద్రపోతున్నాడు. మేముండే వెంకటాచలం ఊరి పక్కన హైవే మీద లారీలు పోతున్న చప్పుడు అలల చప్పుడులా వచ్చి తగ్గిపోతోంది. ఆ చప్పుడు వింటూ కళ్లు మూస్తే మా అమ్మమ్మ వాళ్ల ఊరే కనిపిస్తుంది.

ఆ ఊరు తడ అనే ఊరికి తూర్పున, ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉంది. అక్కడ నేలకూ నీళ్లకూ మధ్య గీత ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. పొద్దున నడిచిన ఇసుక సాయంత్రానికి చీలమండ లోతు నీరయ్యేది. మధ్యాహ్నం ఎండలో దూరంగా పోయే పడవ నీళ్ల మీద కాకుండా ఆకాశంలో పోతున్నట్టు కనిపించేది. ఆ నీళ్ల అడుగున, బురదలో, ఎప్పటివో గుల్లలు పొరలు పొరలుగా ఉండేవి. వాటిని తవ్వి, కడిగి, ఒడ్డున కుప్పలు పోసేవాళ్లు. మా తాతయ్యకు అక్కడ సున్నం బట్టీ ఉండేది. ఒక వరస గుల్ల, ఒక వరస బొగ్గు పేర్చి ఒక పగలూ రాత్రీ కాలిస్తే గుల్లసున్నం తయారయ్యేది.

కాలిన గుల్లను మొదటిసారి చేతిలో పెట్టుకున్నప్పటి ఆశ్చర్యం నాకింకా గుర్తుంది. రూపం ఏమీ మారలేదు. మీద గీతలు కూడా అలాగే ఉన్నాయి. బరువు మాత్రం లేదు, బొరుగు గింజను పట్టుకున్నట్టుంది. మా పిన్ని చూసి పొడిచేత్తో వెంటనే లాగేసుకుంది. అది పచ్చి సున్నం, తడి తగిలితే చెయ్యి కాలుతుందని చెప్పింది. దాని బరువంతా ఎక్కడికి పోయిందని అడిగాను. గాలిలోకి పోయిందంది. నాకు చప్పున ఇంట్లో నులకమంచం మీద పడుకుని ఉన్న అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ కూడా అలాగే ఉంది కదా అనుకున్నాను. అదే ముఖం, అదే జడ. లోపల్నుంచి ఏదో గాలిలోకి పోయింది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. నెల్లూరులో బీఎస్సీ చదువుతూ కెమిస్ట్రీలో ఒక పేపరు తప్పింది. మళ్లీ రాయడానికి ఇంటి దగ్గరే కూర్చుని చదువుకుంటోంది. ఏ పాఠం దగ్గర తప్పిందో అదే పాఠం పగలంతా వసారాలో పైకి చదివేది. స్వేచ్ఛాశక్తి, అయత్నీకృత చర్య అన్న మాటలు అర్థం తెలియకుండానే నాకు నోటికొచ్చేశాయి. తాతయ్య బట్టీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఆమెను ఆటపట్టించేవాడు.

"ఏమ్మే, నీ పుస్తకంలో నా బట్టీ బొమ్మ వేసినారా లేదా?"

"బొమ్మ లేదు నాయనా. బట్టీలో జరిగేదంతా లెక్కగా వేసినారు."

"లెక్కైతే మీ అమ్మకు చెప్పు. నా లెక్కలన్నీ ఆమె దగ్గరే ఉండాయి."

అమ్మమ్మ వంటింట్లోంచి ఏదో ఒకటి అంటించేది. అందరూ నవ్వేవాళ్లు. నవ్వుతూనే అందరి చూపూ ఒకసారి లోపలి మంచం మీదికి పోయేది. మంచం మీద నుంచి ఏమీ వచ్చేది కాదు. ఆ గదిలో ఎప్పుడూ మల్లెపూల వాసన ఉండేది. అమ్మ తలలో పూలు పెట్టుకోవడం మానేసింది, మరి ఇన్ని మల్లెలు ఎవరికోసం వస్తున్నాయో నాకు తెలిసేది కాదు. పాలు ఆగిపోవడానికి అమ్మమ్మ వాటిని అమ్మ గుండెలకు కట్టేదని నాకు బాబు పుట్టాకే అర్థమైంది. అర్థమైన రోజు నా బిడ్డకు పాలిస్తూ చాలాసేపు ఏడ్చాను.

సాయంత్రాలు చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చేవాళ్లు. బాలింత ఏడవకపోతే బరువు లోపలే ఉండిపోతుందని వాళ్ల నమ్మకం. ఎలాగైనా అమ్మను ఏడిపించాలని చూసేవాళ్లు. పోయిన బిడ్డ జుట్టు ఎంత ఒత్తుగా ఉందో, ముక్కు ఎవరిదో చెప్పేవాళ్లు. ఒకామె అమ్మ చెయ్యి గిచ్చింది కూడా. వాళ్లది చెడ్డ మనసు కాదు. ఒకరిద్దరి కొంగులు వాళ్ల కళ్లనీళ్లతోనే తడిసేవి. అమ్మ మాత్రం వాళ్ల వైపు చూస్తూ ఉండేది, రైల్లో కూర్చుని బయటి ఊళ్లను చూస్తున్నట్టు. నేనూ నా వంతు ప్రయత్నాలు చేశాను. కడుపునొప్పి అన్నాను. వచ్చీరాని పాటలు పాడాను. కోడిలా నడిచాను. అమ్మ నా కడుపు నిమిరింది, నా తలమీద చెయ్యి వేసింది. అంతే.

మా వాళ్లు క్రైస్తవులు. ఈస్టరుకు ముందు వారం ఊళ్లో సమాధుల తోటకు సున్నం వేసే ఆచారం ఉంది. ఏటా ఆ సున్నం మా తాతయ్య బట్టీదే. మట్టల ఆదివారం మర్నాడు పచ్చి సున్నాన్ని పెరట్లో గుంటలో పోసి నీళ్లు కడతారు. వారమంతా అది నానుతుంది. శనివారం ఊరంతా బకెట్లతో వచ్చి తీసుకుపోయి తమ తమ వాళ్ల సమాధులకు పూస్తారు. ఈస్టరు నాడు ఇంకా వెలుగు రాకముందే అందరూ కొవ్వొత్తులతో అక్కడికే వెళ్తారు. ఆ ఏడు మా ఇంటికి ఒక సమాధి ఎక్కువైంది. తోట చివర, ఇసుక మొదలయ్యే చోట, నాలుగు ఇటుకలు పేర్చిన చిన్న దిమ్మె. అమ్మ ఇంకా దాన్ని చూడలేదు. శనివారం ఆమె వస్తుందా రాదా అని ఎవరూ పైకి అడగలేదు. అందరూ అదే అనుకుంటున్నారని నాకు తెలుసు.

సోమవారం పొద్దున తాతయ్య గుంటలో సున్నం పోశాడు. పిన్ని నన్ను దూరంగా గట్టుమీద కూర్చోబెట్టింది. ఆమె చేతిలో మూతబిగించిన డబ్బా ఒకటి ఉంది. అందులో నీళ్లు, నాలుగు కోడిగుడ్లు ఉన్నాయి. ఆ డబ్బాను గుంటలో గుల్లల మధ్య పెట్టించింది. తాతయ్య బిందెతో నీళ్లు వంచి పక్కకు తప్పుకున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత గుల్లలు ఒకటొకటిగా చిటపటమన్నాయి. పగిలాయి, ఉబ్బాయి, తెల్లని పిండిగా కుప్పకూలాయి. ఎక్కడా నిప్పు లేదు. గుంటంతా కుతకుతమని ఉడుకుతోంది, ఆవిరి మా కొబ్బరిచెట్ల దాకా లేస్తోంది. ఆ ఆవిరిలో తాతయ్య కనిపించి మాయమవుతూ, ఒక మబ్బులోంచి ఇంకో మబ్బులోకి నడుస్తున్నట్టున్నాడు.

గడకర్రతో డబ్బాను బయటికి లాగి చల్లారాక పిన్ని గుడ్డు ఒలిచి నా చేతిలో పెట్టింది. ఉడికిపోయి ఉంది.

అమ్మమ్మ చూసి, "ఇంట్లో పొయ్యి లేదనుకున్నావా? సున్నం గుంటలో గుడ్లు పెట్టినావు. ఈసారి పరీక్షలో కూడా నీకు గుడ్లే వస్తాయి" అంది.

"వస్తే నీకే తెచ్చిస్తాలే అమ్మా, పులుసు పెడుదువు" అంది పిన్ని.

నిప్పు లేకుండా ఎలా ఉడికిందని నేను పిన్నిని వదల్లేదు. ఎవరూ ఉడికించలేదు, నీళ్లు తగలగానే దానంతట అదే ఉడికింది, దాన్నే పుస్తకంలో అయత్నీకృతం అంటారని చెప్పింది. అంటే ఎవరూ నెట్టక్కర్లేకుండా జరిగేది. నాకు వెంటనే ఆశ పుట్టింది. లోపల వేడి ఉన్నదేదైనా కాస్త తడి తగిలితే అలా బయటపడుతుందన్నమాట. అమ్మ లోపల కూడా ఏదో ఉంది, సరైన చుక్క ఒకటి పడితే చాలు. ఆ మాట పిన్నితో అన్నాను.

పిన్ని నవ్వలేదు. లోపలికి వెళ్లి కొబ్బరిమొక్కలకు తెచ్చిన యూరియా గుప్పెడు తెచ్చి స్టీలు గ్లాసు నీళ్లలో వేసి కలిపింది. గ్లాసు నా అరచేతులకు ఆనించింది. అంతకుముందు గోరువెచ్చగా ఉన్న నీళ్లు చూస్తుండగానే చల్లబడ్డాయి. గ్లాసు బయట సన్నగా చెమట పట్టింది. ఇదీ దానంతట అదే జరిగింది కదా, మరి ఇది వేడి ఇవ్వలేదు, నీ చేతుల్లోంచే వేడి లాక్కుంది, మరెందుకు జరిగినట్టు అని నన్నే అడిగింది. గ్లాసు అడుగున మిగిలిన పలుకులను వేలితో కలుపుతూ కూర్చుంది. తను పరీక్ష తప్పింది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరేనని ఆ తర్వాతెప్పుడో చెప్పింది.

"ఏ వస్తువుకైనా రెండు కోరికలుంటాయి అమ్మీ" అంది చివరికి, నాకు చెబుతున్నట్టూ తనకు తను చెప్పుకుంటున్నట్టూ. "ఒకటేమో, మోస్తుండే వేడిని దించేసి స్థిమితంగా కూర్చోవాలని. రెండోది, చెదిరిపోయి నాలుగు దిక్కులా తిరగాలని. సున్నం మొదటిదానికోసం ఉడికింది. యూరియా రెండోదానికోసం కరిగింది."

ఆ రెండు కోరికలనూ కలిపి చూస్తే తేలేదే స్వేచ్ఛాశక్తి అట. రెండూ ఒకే వైపు లాగితే తగువే లేదు. చెరో వైపు లాగితే, ఎవరి మాట నెగ్గాలో చుట్టూ ఉన్న వేడి తేలుస్తుంది. వేడి పెరిగేకొద్దీ చెదిరిపోవాలన్న కోరికకు బలం వస్తుంది. చల్లని నీళ్లలో గుల్ల ఎన్ని ఏళ్లున్నా గుల్లగానే ఉంటుంది. బట్టీలో అంత సెగ తగిలాకే, లోపల ఇరుక్కున్న గాలి గుల్లను విడిచి పోగలుగుతుంది. ఎటు పోతే స్వేచ్ఛాశక్తి తగ్గుతుందో అటే ఏదైనా తనంతట తాను నడుస్తుంది. ఇదంతా ఆ రోజు నాకు అర్థమైందని చెప్పను. ఇంటర్లో ఆ సమీకరణాన్ని బోర్డు మీద చూసినప్పుడు, ఒక అక్షరంలో ఉడికిన గుడ్డూ ఇంకో అక్షరంలో చల్లని గ్లాసూ కనిపించి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రోజు మాత్రం నేను ఒక్కటే అడిగాను. అమ్మ మాట ఏ కోరిక, అది ఎప్పుడొస్తుంది?

"ఎటు పోతుందో చెప్తుంది గానీ ఎప్పుడు పోతుందో ఈ పాఠం చెప్పదు అమ్మీ. అది వేరే పాఠం" అంది పిన్ని. తర్వాత తాతయ్య ఇంటి గోడ చూపించింది. తడి సున్నం పూసిన రోజు నుంచీ అది గాలిలోంచి తను పోగొట్టుకున్నదాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంటోందట. తీసుకుని మళ్లీ గుల్లంత గట్టిపడుతోందట. మేము పుట్టకముందు మొదలుపెట్టి ఇంకా చేస్తూనే ఉందట. నేను గోడకు చెవి ఆనించి విన్నాను. ఏమీ వినిపించలేదు. చల్లగా ఉంది.

నాలుగైదు రోజులకు గుంటలో సున్నం అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకున్నాయి. శుక్రవారం చర్చి నుంచి వచ్చాక పిన్ని ఆ తేటను గుడ్డలో వడగట్టి రెండు గాజుగ్లాసుల్లో పోసింది. మంచినీళ్లలా ఉంది, అడుగున ఏమీ లేదు. బొప్పాయి ఆకు కాడలు రెండు కోసింది. అవి లోపల బోలుగా ఉంటాయి. ఒకటి నా చేతికిచ్చింది.

"ఊదు. పీల్చబాక, నోరు పొక్కిపోతుంది. మెల్లంగా ఊదు."

ఊదాను. బుడగలు లేచాయి. ముందు ఏమీ కాలేదు. ఇంకో ఊపిరి, ఇంకో ఊపిరి. నీళ్లలో ఎక్కడో పొగమంచు లేచింది. చూస్తుండగానే గ్లాసంతా పాలలా తెల్లబడింది. బట్టీలో గుల్లను విడిచిపోయిన గాలీ, మనం వదిలే ఊపిరిలో ఉన్న గాలీ ఒకటేనని పిన్ని చెప్పింది. నా ఊపిరి సున్నంలో కలిసి మళ్లీ గుల్ల అయ్యింది. అంత పెద్ద సంగతి నా నోటితోనే జరిగిందంటే నమ్మలేక గ్లాసు పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

అప్పుడు పిన్ని రెండో గ్లాసూ రెండో కాడా నా చేతిలో పెట్టి, అమ్మ మంచం పక్క కిటికీలో పెట్టి రమ్మంది. అమ్మ చేత ఊదిద్దామా అని నేను గెంతబోయాను. పిన్ని నా భుజం పట్టుకుంది.

"పెట్టి వచ్చేయ్. ఊదమనీ అనబాక, చూడమనీ అనబాక."

పెట్టి వచ్చేశాను. వచ్చి వసారాలో కూర్చున్నానే గానీ ప్రాణమంతా ఆ కిటికీలోనే ఉంది. తలుపు సందులోంచి అమ్మ అరికాళ్లు కనిపిస్తున్నాయి. అమ్మమ్మ లోపలికి వెళ్లి అమ్మ తలకు నూనె పెట్టి వచ్చింది. తాతయ్య వెళ్లి కాసేపు మంచం కోడు దగ్గర కూర్చుని వచ్చాడు. అప్పుడు తెలియదు గానీ ఇప్పుడు అనుకుంటాను, ఆ ఇంట్లో వాళ్లకు చాతనైనంతలో బట్టీకి సెగ తగ్గకుండా చూసినట్టే అమ్మనూ చూశారని. మధ్యాహ్నం నిడివిగా సాగింది. సరస్సు మీంచి ఉప్పుగాలి వచ్చి కిటికీ పరదాను ఎత్తుతూ దించుతూ ఉంది. నాకు కునుకు పట్టింది. కలలో ఒక తెల్లని పడవ గోడలోంచి బయటికి వచ్చింది.

కళ్లు తెరిచేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది, గాలికి తలుపు తెరుచుకుని ఉంది. అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. గ్లాసు ఆమె ఒళ్లో ఉంది. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో తెలియదు. కాడ మాత్రం కిటికీలోనే ఉంది. ఆమె గ్లాసులోకి చూస్తోంది. చూస్తూ చూస్తూ, పక్కింటి వాళ్లతో మామూలుగా మాట్లాడినట్టు అంది.

"ఎవురూ ముట్టుకోలేదు. దానంతట అదే పొర కట్టింది."

గొంతు బొంగురుగా ఉంది. నేను లేచి పరుగెత్తబోతే పిన్ని చెయ్యి నా చేతిమీద పడింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"కడుతుందిలే అక్కా" అంది పిన్ని, చదువుతున్న పేజీలోంచి తలెత్తకుండానే. "గాలి తగిలితే కడుతుంది."

నేను మెల్లగా దగ్గరికి వెళ్లి చూశాను. తేట మీద మీగడలాంటి సన్నని తెల్లపొర ఉంది. అమ్మ ఊపిరి తగిలి అది వణుకుతోంది. అమ్మ చెయ్యి చాచి కాడ అందుకుంది. పొరను చెదరగొట్టడానికి మనసొప్పనట్టు ఒక అంచున గుచ్చి, మెల్లగా ఊదింది. ఊదుతూ ఉంది. నీళ్లు తెల్లబడ్డాయి. తెల్లబడ్డాక కూడా ఊదుతూనే ఉంది. ఆ తర్వాత ఊపిరి తెగి, భుజాలు కదిలి, అన్ని రోజులుగా ఎవరెంత గిచ్చినా రాని ఏడుపు వచ్చింది. అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది, ఊరుకోమని అనలేదు. నేను అమ్మ ఒళ్లోంచి గ్లాసు తీసి ఒలికిపోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

చీకటి పడ్డాక అమ్మ ఇంకో మాట అంది. "ఆ నీళ్లు పారబొయ్యబాకండి."

శనివారం ఊరంతా మా పెరట్లోనే ఉంది. బకెట్ల చప్పుడు, కుంచెల కోసం కొట్లాట. మొదట మీ మామకు పుయ్యి, బతికినన్నాళ్లూ తెల్లచొక్కా కోసం ఏడిచినాడు అని ఒకామె కోడలిని ఆటపట్టిస్తోంది. ఆ గోలలోనే సాయంత్రం అమ్మ చిన్న బకెట్ తీసుకుని, సున్నం ముంచుకుని, కిటికీలోని గ్లాసు తెచ్చి అందులో వంచింది. అడుక్కి దిగిన తెల్లని పొడిని కూడా వేలితో రాసి బకెట్లో కలిపింది. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ వద్దనలేదు. నేను కుంచె పట్టుకుని వెనకాల నడిచాను. అడుగు వేసినప్పుడల్లా ఆమె చీర అంచుకు ఇసుక అంటుకుంటోంది.

ఆ చిన్న దిమ్మెకు నాలుగు వైపులా, పైనా తనే పూసింది. చాలాసేపు పూసింది. అయినా అది తెల్లగా లేదు. బురదనీళ్లు పూసినట్టు ఇటుకల ఎరుపు అలాగే కనిపిస్తోంది. చుట్టూ మిగతావన్నీ పొద్దున్నే పూసినవి, మల్లెపూలలా ఉన్నాయి. మా తమ్ముడిది మాత్రం ఇలా అయ్యిందేమిటని ఏడుపొచ్చింది. తెల్లగా రాలేదమ్మా అన్నాను.

"ఆరనీ" అంది అమ్మ.

మర్నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లాం. పాస్టరుగారి ప్రార్థన నా చెవుల్లో పడలేదు. తోట చివర, ఇసుక మొదలయ్యే చోట, చీకట్లో అన్నిటికంటే తెల్లగా వెలుగుతున్నది మా తమ్ముడి దిమ్మే. అమ్మ నా కొవ్వొత్తికి తన కొవ్వొత్తితో నిప్పు అంటించింది. గాలి కొట్టకుండా నా చేతి చుట్టూ తన చెయ్యి అడ్డం పెట్టింది.

అమ్మ ఆ రోజుతో పూర్తిగా మామూలు మనిషైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. వానలు పడేదాకా మాటలు ఒకటీ అరగానే వచ్చేవి. కొన్ని రోజులు మళ్లీ వచ్చేవే కావు. అయినా నాకు అంతకుముందున్న భయం లేదు. ఎటు పోతోందో నేను చూశాను. పిన్ని ఆ పేపరు రాసి గట్టెక్కింది. ఇప్పుడు జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతోంది.

మొన్న ఫోన్లో ఆమె మీద విసుక్కున్నాను. సున్నానికి పొర కడుతుంది పిన్నీ, అది ఎప్పుడూ కట్టేదే. పిల్లవాడికి మాట వస్తుందని ఏం నమ్మకం, అసలు వాడు ఎటు పోతున్నాడో ఎలా తెలుస్తుంది అని అడిగాను. ఈ భయం పగలంతా పనుల్లో పడి కనబడదు గానీ, పక్క సర్దగానే వచ్చి కూర్చుంటుంది.

"నమ్మకం నేనెట్టా ఇస్తాను అమ్మీ. వాడికి ఏదన్నా కావాలంటే ఏం చేస్తుండాడు, అది చెప్పు."

నా చెయ్యి పట్టుకుని ఫ్యాను స్విచ్చి దగ్గరికి లాక్కెళతాడని చెప్పాను. చెప్పులు తెచ్చి నా కాళ్ల దగ్గర పడేస్తాడని చెప్పాను. లారీ పోతే వేలు చూపించి, నేను కూడా చూశానో లేదోనని నా ముఖంలోకి చూస్తాడని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే నెమ్మదించినట్టు వినిపించింది.

"మరి చెప్తానే ఉండాడు గదా" అంది పిన్ని. "డాక్టరు చెప్పినవి మానబాక. సెగ తగ్గనియ్యబాక. ఎప్పుడు అని మాత్రం వాడిని అడగబాక."

చెవులు బాగానే వినిపిస్తున్నాయని డాక్టరుగారు పరీక్షచేసి చెప్పారు. వారానికి రెండుసార్లు నెల్లూరు తీసుకెళ్లి ఒకామె దగ్గర ఆటలతో మాటలు నేర్పిస్తున్నాం. ఇంట్లో నేను మానేసింది ఒక్కటే. అమ్మ అను, ఏదీ అమ్మ అను అని వాడి గడ్డం పట్టుకుని అడగడం మానేశాను. ఆ మాట అన్నప్పుడల్లా వాడి కళ్లు రైలు కిటికీలోంచి చూస్తున్న కళ్లయ్యేవి. అప్పుడు నన్ను నేను అమ్మ చెయ్యి గిచ్చిన ఆడమనిషిలా చూసుకునేదాన్ని.

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాం. వాడు పడుకునే వైపు గోడకు మాత్రం పెయింట్ వద్దు, సున్నం వెయ్యమన్నాను. రంగులేసే అతను బ్రష్ పట్టుకుని నా వైపు జాలిగా చూశాడు.

"ఈ రోజుల్లో సున్నమేంది మేడమ్? చెయ్యి పెడితే అంటుకుంటది."

"కొన్నాళ్లు అంటుకుంటుంది అన్నా, తర్వాత అంటుకోదు" అన్నాను. మా ఆయన నవ్వి ఊరుకున్నారు. మొదట్లో పొద్దున్నే బాబు అరచెయ్యి తెల్లగా ఉండేది. తుడిచేదాన్ని. ఈ మధ్య తక్కువగా అంటుతోంది.

ఇప్పుడు వాడు గోడ వైపు తిరిగి ఊపిరి వదులుతున్నాడు. ఆ ఊపిరి గోడకు తగులుతోంది. పక్కన నా ఊపిరి కూడా. ఎవరూ చెప్పకుండా, చప్పుడు లేకుండా, గోడ తనకు కావలసింది అందులోంచి తీసుకుంటోంది. సరస్సు ఒడ్డున ఆ చిన్న దిమ్మె మీద ఏటేటా పూసిన సున్నం ఇప్పుడు గుల్లంత గట్టిగా ఉంది. దాని మొదటి పొరలో మా అమ్మ ఊపిరి ఉంది. నేను లైటు ఆర్పే ముందు రోజూ చేసేది ఒక్కటే. బాబు చెయ్యి పక్కన నా చెయ్యి కూడా గోడకు ఆనిస్తాను. చల్లగా ఉంటుంది. ఏమీ వినిపించదు. అది ఎటు పోతోందో నాకు తెలుసు.